ఏం పడలే మేడం

కృష్ణ ఒడ్డున మా సోమశిల రేవులో పుట్టి, అంటే మా గుండ్రటి బుట్ట పడవ, దిగి వచ్చే ఏ మనిషినైనా చేపలు పడ్డాయా అని అడగండి. "ఏం పడలే" అంటాడు. పుట్టిలో బొచ్చె చేపలు తోకలు కొట్టుకుంటుంటాయి, ఇద్దరు పట్టుకుంటే గాని గంప లేవదు, అయినా అదే మాట. పడ్డాయని నోటితో అంటే వలకు దిష్టి తగులుతుందని, గంగమ్మ చెయ్యి ముడుచుకుంటుందని మా వాళ్ల నమ్మకం. చిన్నప్పుడు "మరి గా ఎగురుతున్నయి ఏంది నాయినా?" అని అడిగి మొట్టికాయ తిన్నాను.

ఆ ఒక్క మాట వల్ల మా ఇల్లు ఆగిపోయినంత పనైంది.

మాది రేకుల ఇల్లు. వాన పడితే పక్క మనిషి మాట వినపడేది కాదు, పైగా ఎక్కడ పడితే అక్కడ కారేది. ఉన్న గిన్నెలన్నీ ఆ చుక్కల కింద పెట్టేసి, ఇక అన్నం దేంట్లో వండాలని అమ్మ నన్నే గద్దించేది, నేనేదో రేకులకు చిల్లులు పొడిచినట్టు. చీరలు అడగలేదు, కమ్మలు అడగలేదు. స్లాబు ఇల్లు ఒక్కటే పెళ్లైన నాటి నుంచీ అడుగుతోంది.

అప్పు ఇచ్చేవాళ్లకేం కొదవ లేదు. చేపల సేటు "ఎంత గావాల్నో తీస్కోండ్రి. తీరేదాక చేపలు నాకే వెయ్యాలె, రేటు నేను చెప్పిందే" అన్నాడు. అంటే వల మాది, చేప ఆయనది. ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు ఇంటికే వచ్చి తియ్యగా మాట్లాడి, వడ్డీ దగ్గరికి రాగానే గొంతు తగ్గించాడు. మహిళా సంఘం అప్పు పునాదికి సరిపోతుంది, పైకప్పు దాకా రాదు. నేను పని చేసే బట్టల షాపు కొల్లాపూర్‌లో ఉంది, దాని పక్కనే బ్యాంకు. వడ్డీ తక్కువ, మెల్లగా ఏళ్ల తరబడి కట్టుకోవచ్చు. అక్కడికే పోదామని నేను మొండికేశాను. సేటు మాత్రం ఏదో ఒక మాట చెప్పమని రోజూ కబురు పంపుతూనే ఉన్నాడు.

బ్యాంకు మేనేజరు మేడం సముద్రం పక్క ఊరి మనిషి. మా కాగితాలన్నీ తిరగేసి, "జీతం కాదు కదండీ, రాబడి ఎలా ఉందో నేనే వచ్చి చూడాలి" అంది. తిరుగు బస్సులో నాయినకు దారి పొడుగునా నూరిపోశాను.

"నాయినా, ఆమె అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"గంత మాత్రం చెప్పలేనా బిడ్డా" అన్నాడు. నమ్మాను. నాదే బుద్ధి తక్కువ.

మేడం రేవుకు వచ్చేసరికి ఎండెక్కింది. గంపలన్నీ అమ్మతో పాటు కొల్లాపూర్ మార్కెట్‌కు వెళ్లిపోయాయి. బోర్లించిన పుట్టిలు, ఆరేసిన వలలు తప్ప చూడ్డానికేం మిగల్లేదు.

"ఏమండీ, ఇవాళ చేపలు బాగా పడ్డాయా?" అని మేడం అడిగింది.

నాయిన నా వైపు చూశాడు. వల వైపు చూశాడు. "ఏం పడలే మేడం" అన్నాడు.

"పోనీ, నిన్న?"

"నిన్న గూడ అంతే."

నేను సైగ చేశాను, దగ్గాను, ఆఖరికి కాలు తొక్కాను. "ఏందే, తొక్కుతవు?" అని పైకే అన్నాడు మా నాయిన! అంతలో పక్క పుట్టిల వాళ్లు సాయానికొచ్చారు. ఆ సాయం పగవాడికి కూడా వద్దు. "నది పనే అయిపోయింది మేడం" అన్నాడొకాయన. "ఊకె వల తడుపుకొని వస్తున్నం" అని ఇంకొకాయన నిట్టూర్చాడు. ఆ నిట్టూర్చినాయన పొద్దున పట్టిన వాలుగ పసిపిల్లంత ఉంది.

మేడం ఫైలు మూసింది. "మరి కిస్తీ ఎలా కడతారండీ?" అని మెల్లగానే అడిగింది. ఆమె కారు వెళ్లిపోయాక నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. "ఇంగ సేటుకే అమ్ముడువోదాం పా!" అని అరిచాను. నాయిన వల చిక్కు తీస్తూ "నోరు తిరగలే బిడ్డా" అన్నాడు.

నేను కొల్లాపూర్ వెళ్లి మార్కెట్లో అమ్మకు జరిగింది చెప్పాను. అమ్మ నాయినను నాలుగు తిట్లు తిట్టి, ఖాళీ గంప చంకన పెట్టుకుని నేరుగా బ్యాంకుకు నడిచింది. వెనకాల నేను. లోపలంతా చేపల వాసన నిండిపోయింది. లైనులో ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే జరిగి దారిచ్చారు.

"మేడం, నువ్వు అడగరానోన్ని అడిగినవు" అంది అమ్మ. "నీళ్ల మీద పన్జేసే మొగోడు పడ్డయని అనొద్దు. మా దిక్కు గట్లనే. గంప నా నెత్తి మీదికొచ్చినంక ఏ దిష్టీ లేదు, మార్కెట్ల గొంతు చించుకొని చెప్త. జర వచ్చి నా పక్కన కూసో. నీ కండ్లతోని చూడు."

మేడం ఉన్నట్టుండి నవ్వేసింది. "మా నాన్నది కిరాణా కొట్టండీ. బేరాలెలా ఉన్నాయని ఎవరడిగినా, ఏదో ఈడుస్తున్నాం అనేవారు. మమ్మల్నందరినీ ఆ కొట్టు మీదే చదివించారు" అంది.

ఆదివారం మేడం నిజంగానే వచ్చింది. అమ్మ ఒక డబ్బా బోర్లించి, పాత చీర మడిచి వేసి కూర్చోబెట్టింది. "రాండ్రి, కృష్ణ చేపలు, పొద్దుగాల పట్టినయి!" అని అమ్మ కేకేస్తుంటే, గంపలు ఖాళీ అవుతుంటే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకాయన మరీ తక్కువకు బేరమాడితే "ఆ ధరకి రాదండీ" అని తనే అనేసింది కూడా. ఆ తర్వాత మరికొన్ని సార్లు చెప్పకుండా వచ్చి చూసిపోయింది. అప్పు మంజూరైంది. కాగితాల్లో అమ్మ పేరు ముందు, నాయిన పేరు వెనక. సేటు కబుర్లు ఆగిపోయాయి.

వానలకు ముందే స్లాబు పడింది. గృహప్రవేశం దావత్‌కు మేడం వచ్చి పులుసు రెండోసారి వేయించుకుంది. "ఇల్లు బాగా కుదిరిందాండీ?" అని నాయినను అడిగింది.

"ఏం ఇల్లు మేడం, ఏదో తల దాచుకోనికి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మేడం మాత్రం "అయితే చాలా బాగా కుదిరిందన్న మాట" అని చెయ్యి కడుక్కుంది.

ఆ వారమే పెద్ద వాన కురిసింది. తెల్లారి చూస్తే నాయిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి "కొత్తింట్ల మంచిగ నిద్ర పట్టిందా?" అన్నాడు.

"యాడ నిద్ర? కన్ను మూయలే" అన్నాడు నాయిన.

ఈసారి అది అబద్ధం కాదు. లోపల ఊడుస్తున్న అమ్మ చీపురు పట్టుకుని గడప దాకా వచ్చింది.

"ఎట్ల పడ్తది? ఇంట్ల ఒక్క చుక్క రాలలే, చప్పుడు లేదు. వాన ఉన్నదో పోయిందో అని మాటిమాటికి లేసి, తలుపు తీసి, చెయ్యి బయట పెట్టి చూస్కుంట కూసున్నడు."