బత్తా ఎగ్గొట్టే దయ

మా డ్రైవరు బాబాయిగారు మొన్న పోయారు. ఆ కబురు విని “అయ్యో, ఎంత మంచివాడో” అని నిట్టూర్చారు చూడండి, మిమ్మల్నే అంటున్నాను. ఆ మంచితనాన్ని ఇన్నేళ్ళూ తేరగా వాడుకున్నది మీరే. అమలాపురంలో ఆయన నడిపిన అంబాసిడర్ ఎక్కని పెళ్ళివారు లేరు. దిగేటప్పుడు సామాను సరిచూసుకున్నారే గానీ, స్టీరింగు దగ్గరి మనిషిని చూసినవారెందరు?

ఆయనది మా వీధే. చుట్టరికం లేకపోయినా బాబాయి. కారు మాత్రం ఓనరుది. జీతం ఇంటి బియ్యానికి సరిపోయేది. పొరుగూరు ట్రిప్పుకి ఓనరిచ్చే తిండి బత్తాలో కడుపు మాడ్చుకుని మిగిల్చిందే పిల్లల చదువు.

ఓసారి రాజమండ్రి వెళ్తూ నేనూ ముందుసీట్లో కూర్చున్నాను. జొన్నాడ వంతెన రాగానే వెనకసీట్లోంచి పెద్దావిడ అడిగింది: “డ్రైవరు బాబూ, చిల్లరుంటే ఇయ్యి నాయనా. గోదారమ్మకి వెయ్యాలి.” బాబాయిగారు కారు నెమ్మది చేసి, తన జేబులోంచే ఇచ్చారు. దిగాక ఆవిడకి ఆ మాటే గుర్తులేదు. నాకు ఒళ్ళు మండింది.

“అడగరేంటి బాబాయ్?”

“గోదారమ్మ పుణ్యం ఇస్తుందిరా. నేనేమిస్తాను? మహా అయితే బ్రేకేస్తాను” అని నవ్వేరు.

ఆయన ఎవరినీ అడిగేవారు కాదు. “చెయ్యి చాస్తే నేను చిన్నబోతాను. చాచకపోతే పిల్లలు చిన్నబోతారు. ఏం చెయ్యమంటావు?” అనేవారు. ఊళ్ళో మీటింగుల్లో గొంతు చించుకునే నేను అక్కడ మాట మార్చేసేవాణ్ణి.

ఇంతలో దుబాయి నుంచి సెలవుకొచ్చిన ఒకతన్ని బాబాయిగారు రాజమండ్రి స్టేషన్ నుంచి తీసుకొచ్చారు. మర్నాడు అతను కిరాయి కట్టడానికి ఓనరు కొట్టు దగ్గరికొచ్చి, అందరి ముందూ బాబాయిగారి జేబులో పెద్దనోటు కుక్కేడు. ప్రేమగానే. ఓనరు కళ్ళు ఆ జేబు మీదే నిలిచాయి.

“కారెక్కే పార్టీలే ఇంతింత ఇస్తుంటే నా బత్తా ఎందుకోయ్ మీకు?” అని ఆ నెల నుంచి డ్రైవర్లందరికీ బత్తా ఎత్తేశాడు.

నేను దుబాయి మనిషిని తిట్టిపోశాను. బాబాయిగారు ఊరుకోలేదు. “ఆయన్నేమీ అనకు. అక్కడ ఆయన చేసేదీ డ్రైవరు పనేనంట.”

మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలైన రోజున డ్రైవర్లంతా వెళ్ళి ఓనరు బల్లమీద తాళాలు పెట్టేశారు. ముందు పెట్టింది బాబాయిగారు.

“బాబ్బాబు, పెళ్ళివారు నా పీకమీద కూర్చుంటారు! ఏదో వాళ్ళని అడిగి పుచ్చుకోండర్రా” అన్నాడు ఓనరు.

“ఆయ్, అడగొచ్చండి. పెళ్ళిచూపులకి తీసుకెళ్తామండి. వాళ్ళకి పిల్ల నచ్చితే మాకు భోజనం, నచ్చకపోతే పస్తాండీ?” అన్నారు బాబాయిగారు.

కొట్లో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. సాయంత్రానికల్లా బత్తా తిరిగొచ్చింది.

మళ్ళీ సెలవుకి వచ్చిన దుబాయి మనిషికి ఈ సంగతంతా తెలిసింది. కారు దిగి, ఇవ్వాలో మానాలో తెలియక పర్సు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు బాబాయిగారు తనే చెయ్యి చాచారు. నేనెరిగి అదే మొదటిసారి.

“ఇయ్యండి. ఇప్పుడిది మా ఓనరుకి మిగిలే సొమ్ము కాదు. మీరు నాకిస్తున్నది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఆయన ఆ చాచిన చేత్తోనే గుర్తుండిపోయారు.

డ్రైవరుకి ఏమైనా ఇవ్వాలా అని మీరింకా నన్నడుగుతూనే ఉన్నారు. ఇవ్వండి. కానీ దాంతో ఆయన ఇల్లు నడవాలనే ఏర్పాటుని మాత్రం ఒప్పుకోకండి. నేను అడిగేవి ఇవి:

కారు మాట్లాడుకునేటప్పుడే, డ్రైవరుకి బత్తా ఇస్తున్నావా అని ఓనర్ని అడగండి.

ఇవ్వనంటే ఆ కారు ఎక్కకండి.

పార్టీ ఇచ్చిందన్న వంకతో జీతం, బత్తా కొయ్యనివ్వకండి.

మీరిచ్చేది డ్రైవరు చేతికే ఇవ్వండి.

ఇచ్చాక, దణ్ణం పెడతాడేమోనని నిలబడకండి.