ఎర్ర కలంతో రాసిన బెల్లం

చెరకు రసం బండి గజ్జెలు వినిపిస్తే ఇప్పటికీ నా చేతిలో సుద్దముక్క ఆగిపోతుంది. నిజామాబాద్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో నేనిప్పుడు టీచర్‌ని. మొన్న నాలుగో తరగతి పిల్లల ముందు ఒక పాత బొమ్మల పుస్తకం తెరిచాను. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద గజ్జెలు ఘల్లుమన్నాయి. ఆ పుస్తకం శకుంతల టీచర్ రిటైరైన రోజు నాకిచ్చింది.

బోధన్‌లో నాకు నాలుగో తరగతి చెప్పింది ఆవిడే. ఎర్ర కలాన్ని కొప్పులో గుచ్చుకుని తిరిగేది. అచ్చులో ఉన్న మాటను ఒక పట్టాన నమ్మేది కాదు. "పుస్తకం చెప్పింది సరే, చూసినోళ్లు ఏమంటున్నరు?" అని అడిగేది. మాకు అది వింతగా ఉండేది. కాలు తగిలితే కళ్లకద్దుకునే పుస్తకాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

ఆ ఏడు బడికి మన వారసత్వం గురించి ఈ రంగుల బొమ్మల పుస్తకం వచ్చింది. కోట, గుడి, దర్గా అయ్యాక 'చక్కెర తయారీ' అని ఒక పేజీ. పొయ్యి మీద పెద్ద పెనం, గరిటెతో కలుపుతున్న ఒక మనిషి. టీచర్ అక్కడ ఆగింది. "గిది తెలిసినాయన మన గేటు బయటనే ఉన్నడు," అంటూ వెళ్లి, ఒకతన్ని వెంటబెట్టుకొచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మనిషిని చూసి నేను తల దించుకున్నాను. మా బాపు.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో పాకం చూసే పనిమంతుడు. ఆ పని పోయాక చెరకు రసం బండి పెట్టుకున్నాడు. ఊరంతా తిరిగి తిరిగి ఆ ఎండాకాలం మా బడి గేటు దగ్గరికే చేరాడు. నేనేమో మా బాపు ఫ్యాక్టరీ ఆఫీసులో పెద్ద సారని స్నేహితురాళ్ల దగ్గర కోతలు కోసి ఉన్నాను. బండి ముందు నుంచి తల వంచుకుని పోయేదాన్ని. బాపు ఒక్కనాడూ నన్ను పిలవలేదు. నన్ను చూడలేదనే అనుకున్నాను.

బాపు తువ్వాలుతో చేతులు తుడుచుకుని బొమ్మ చూశాడు. నవ్వాడు.

"గిది బెల్లం పెనం, టీచరమ్మా. చక్కెరకు గిట్ల పొయ్యి వెట్టరు. మూసిన పెద్ద ఇనుప పాన్‌ల పాకం ఆవిరితోని ఉడుకుతది. గాజుపలక మీద సుక్క ఏసి చక్కెర పలుకు ఎంత పెరిగిందో సూడాలె. జర ఆలస్యమైతే అంత ఖరాబే."

అచ్చయిన పుస్తకంలో తప్పా? తరగతంతా నోళ్లు తెరిచింది. టీచర్ కొప్పులోంచి కలం తీసి బాపు చేతికిచ్చింది.

"తప్పు కొట్టేయి అన్నా. సరైంది రాయి."

బాపు వెనక్కి జరిగాడు. "సదువుల తల్లి మీద గీత ఎట్ల గీస్త?"

"తప్పు దిద్దుడే సదువు."

బాపు పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. అచ్చయిన మాటను మాత్రం కొట్టేయలేదు. బొమ్మ కింద అక్షరం అక్షరం కూడబలుక్కుని 'ఇది బెల్లం' అని రాశాడు. టీచర్లు తప్ప ఎవరూ పట్టుకోని ఎర్ర కలంతో మా బాపు రాయడమేమిటి!

అప్పుడు నా పక్కనున్న సుజాత లేచి, "అంకుల్, మీ పిల్లలు ఏ బడిల చదువుతరు?" అని అడిగింది.

బాపు నా వైపు చూడనైనా చూడలేదు. "నాకు ఈడ ఎవ్వరు లేరు బిడ్డా. బయట బండొక్కటే నాది," అన్నాడు.

టీచర్ నా వైపు చూసింది. నేనెవరి బిడ్డనో ఆమెకు తెలుసు. నన్ను బడిలో చేర్చినప్పుడు దరఖాస్తు నింపింది ఆమే. నేను లేచి నిలబడితే చాలు. నిలబడలేదు. బాపు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా నేను తేరుకోలేనిది ఒక్కటే. ఆ జవాబుకు బాపు తడుముకోలేదు. గేటు బయట ఎండలో నిలబడి, ఎన్ని రోజుల ముందే దాన్ని నా కోసం సిద్ధం చేసి పెట్టుకున్నాడో.

మర్నాడు టీచర్ నన్ను ఒంటరిగా పిలిచింది. తిట్లు తప్పవనుకున్నాను. "నిన్ను అడగకుండ ఆయనను పిలిచిన. నాది గూడ తప్పే," అంది. పుస్తకం తెరిచి కలం నా ముందు పెట్టింది. "మాట ఉన్నది. చెప్పినోళ్ల పేరు లేదు. గది నువ్వే రాయాలె."

ఏడుస్తూ రాశాను, 'చెప్పింది మా బాపు' అని. తర్వాత ఆ పేజీని తరగతిలో నాతోనే పైకి చదివించింది. సుజాత నా ముఖం వైపు అలాగే చూస్తుండిపోయింది. సాయంత్రం బండి దగ్గరికి వెళ్లాను. బాపు అటూ ఇటూ చూసి, "ఎన్ని గ్లాసులమ్మా?" అని ఎవరినో అడిగినట్టు అడిగాడు. "బాపూ, ఇంటికి పోదాం," అన్నాను. ఆయన చాలాసేపు చెరకు తుడుస్తూనే ఉన్నాడు.

మొన్న మా తరగతిలో ఒక పిల్ల, రంగు వెలిసిన 'ఇది బెల్లం' అన్న ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది.

"గిది ఎవరు రాసిండ్రు, టీచర్?"

"మా బాపు," అన్నాను. ఆనాడు ఆయన ఎవ్వరూ లేరన్నంత వెంటనే.