మాస్టారి పేరుతో దిద్దిన మార్కులు

రెండు వేల అయిదు, ఆరు ప్రాంతాల్లో, తాడేపల్లిగూడెంలో నేను చదువుకున్న కాలేజీకే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిపెట్టే పని దొరికింది. మొదట లైబ్రరీకి ఒకటి రాశాను. తర్వాత మార్కులకు కూడా కావాలన్నారు. లైబ్రరీ ప్రోగ్రామునే కాపీ చేసి, మార్చాల్సినవి మార్చి, అదే సర్వర్‌లో పెట్టేశాను. రెండూ బాగానే నడుస్తున్నాయనుకున్నాను.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. వెళ్లేసరికి, మాకు కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు ఆయన ఎదురుగా నిలబడి ఉన్నారు. ముగ్గురు పిల్లలకు మాస్టారు వేసిన మార్కులు వేరు, కంప్యూటర్‌లో ఉన్నవి వేరు. ఒకమ్మాయి తండ్రి వచ్చి అడిగితే బయటపడింది. మార్కులు ఎవరు దిద్దినా ప్రోగ్రాములో వాళ్ల పేరు, టైముతో సహా నమోదవుతుంది. అక్కడ మాస్టారి పేరే ఉంది.

"ఆ పూట నేను ల్యాబ్‌లో ఉన్నానండి. కంప్యూటర్ ముట్టుకోలేదు," అని ఆయన నా వైపు తిరిగారు. "నువ్వే రాశావు కదా, చెప్పు. ఇంకెవరైనా దిద్దితే నా పేరు పడుతుందా?"

"మీ పాస్‌వర్డ్ తెలిస్తే తప్ప పడదండి, మాస్టారూ."

"నేనెవరికీ చెప్పలేదే."

ప్రిన్సిపాల్ గారు తెర మీది పేరు మళ్లీ చూపించారు. మాస్టారు దాన్ని చూసి, "అయితే నేనే దిద్ది మర్చిపోయి ఉంటాను," అన్నారు. పొరపాటు తనదేనని కాగితం రాసి సంతకం పెట్టారు. పరీక్షల పనుల నుంచి ఆయన్ని తప్పించారు.

రెండు నెలల తర్వాత ప్రింటర్ పనిచేయడం లేదంటే లైబ్రరీకి వెళ్లాను. అక్కడి అసిస్టెంటు పెద్దావిడ, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు. ఆఫీసు వాళ్లిచ్చే మార్కుల సవరణలు టైపు చేసేదీ ఆవిడే. ఆవిడ ముందు నా ప్రోగ్రాములు రెండూ తెరిచి ఉన్నాయి. మార్కుల పేజీలో, పై మూలన మాస్టారి పేరు కనిపించింది.

"ఏవండీ, ఇక్కడ మాస్టారి పేరుందేంటండీ?"

"లైబ్రరీది తెరిచాక ఒక్కోసారి అలా వస్తుంది బాబూ. మూసి మళ్లీ తెరిస్తే నా పేరు వస్తుంది. అది మీకు చెప్పాల్సిన సంగతని నాకు తెలీదండీ."

ప్రింటరు సంగతి వదిలేసి, నా ప్రోగ్రాములు రెండూ తెరిచి చూశాను. లాగిన్ అయినవాళ్లను గుర్తుపట్టడానికి సర్వర్ ఒక గుర్తు ఇస్తుంది. నేను కాపీ కొట్టడం వల్ల రెండు ప్రోగ్రాములూ ఒకే గుర్తు వాడుకుంటున్నాయి. ఆ గుర్తు వెనక రాసుకున్నది మనిషి నంబరు ఒక్కటే. లైబ్రరీలో ఏడో నంబరు ఆవిడ. మార్కుల్లో ఏడో నంబరు మాస్టారు. అందుకే లైబ్రరీది తెరిచాక మార్కుల్లోకి వెళ్తే ఆవిడ పేరు బదులు మాస్టారి పేరు పడుతోంది. పాత నమోదులు తీసి చూశాను. ఆ ముగ్గురు పిల్లల మార్కులు మారిన రోజు ఆవిడ ఒక సెక్షనుకు బదులు ఇంకో సెక్షను తెరిచి దిద్దారు. ఆవిడది చెయ్యి పొరపాటు. అది మాస్టారి నెత్తిన పడటం నా పొరపాటు.

గుర్తుల పేర్లు వేరు చేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ప్రిన్సిపాల్ గారికి అంతా చెప్పాను. "మార్కులు సరిచేశాం, ఫైలు మూసేశాం. ఇప్పుడు మళ్లీ కదిపితే అందరికీ ఇబ్బందే కదండీ," అన్నారు ఆయన మెత్తగా.

ఆ సాయంత్రమే బస్సెక్కి పెంటపాడులో మాస్టారింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విన్నారు.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట," అన్నారు.

లోపలి నుంచి కాఫీ తెచ్చిన ఆయన భార్య అక్కడే నిలబడిపోయారు. "అప్పట్నుంచీ తలుపు గడియ తను వేశారో లేదో నన్ను పిలిచి అడుగుతున్నారండీ. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాం," అన్నారు.

మాస్టారు నన్ను అడిగారు. "మరి నేను సంతకం పెట్టిన కాగితం?"

"ఫైల్లోనే ఉందండి. తీయనంటున్నారు."

ఆయన తలూపి, కాఫీ చల్లారిపోతోంది తాగమన్నారు. తర్వాత నేను ఆ కాగితం కోసం ఇంకో రెండుసార్లు ఆఫీసుకు వెళ్లాను. మూడోసారి వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గారు మారిపోయారు. కొత్తగా వచ్చినాయన, ఏ కాగితమండీ అని అడిగారు.