బాగయ్యానని తొందరపడి చెప్పిన సాక్ష్యం

పల్లికాయ పీకుతున్న రోజు నా సాలు వెనకబడింది. మాది తెలకపల్లి దగ్గర ఊరు. కూలికి పోయే ఆడవాళ్లం ఒకే వరుసలో వంగి పీకుతూ పోతాం, ఎవరి సాలు వాళ్లది. నేనెప్పుడూ ముందుండేదాన్ని, వెనకబడ్డవాళ్లను ఆటపట్టించేదాన్ని కూడా. ఆ రోజు పొద్దెక్కకముందే నడుము లేవలేదు. అప్పటికే నెల రోజులుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, జాకెట్లు వదులైపోయాయి. చేలో దుమ్ము పడక అనుకున్నాను. మా గుంపును పనికి తీసుకెళ్లే రాహేలమ్మక్క తన సాలు ముగించి, ఎదురుగా వచ్చి, నా సాలులో సగం పీకింది. సద్ది తినేటప్పుడు నా మెడ ఎముకలు చూసి, "నువ్వే దవాఖానకు పోతవా, నన్ను ఈడ్సుకపొమ్మంటవా?" అని అడిగింది.

నాగర్‌కర్నూల్ దవాఖానలో ఎక్స్‌రే తీశారు. స్పుటం టెస్ట్‌కు చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున లేవగానే వచ్చే గల్ల పట్టుకురమ్మన్నారు. తర్వాత డాక్టరమ్మ పిలిచి, "పల్మనరీ టీబీ అమ్మా. మందులతో తగ్గుతుంది. ఆరు నెలలు, ఒక్క రోజు కూడా ఆపొద్దు" అని చెప్పింది. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమని, కంచాలు, గ్లాసులు వేరు పెట్టే పని లేదని కూడా చెప్పింది.

భర్త పోయినప్పటి నుంచి నేను అన్న ఇంట్లోనే ఉంటున్నాను. పిల్లలు లేరు. డాక్టరమ్మ మాట ఇంట్లో చెప్పాను. అయినా వదిన నా గ్లాసు తీసి కిటికీలో పెట్టింది, నా మంచం వసారాలోకి వచ్చింది. ఆమెకు చిన్న పిల్లలున్నారు, ఆమె భయం ఆమెది. కానీ దాహమైనప్పుడల్లా కిటికీ దగ్గరికి నడవాల్సి వస్తే మనిషికి ఎట్లా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

పరగడుపున మాత్రలు మింగితే కడుపులో తిప్పేది. కీళ్లు పట్టేసేవి. నీళ్ల బిందె ఎత్తలేకపోయేదాన్ని. నెల దాటాక రాహేలమ్మక్క ఒక ఆదివారం మాస్కు ఇచ్చి, నన్ను వాళ్ల చర్చికి తీసుకెళ్లింది. అంతకుముందు నేను ఆ గుమ్మం ఎక్కలేదు. రేకుల కప్పు, కింద చాపలు, అంతే. నాకు పాటలు రావు, ఎప్పుడు కళ్లు మూసుకోవాలో, ఎప్పుడు తెరవాలో తెలియదు. అయ్యగారు, అంటే అక్కడి పాస్టరు, అలసినవాళ్లను దేవుడు రమ్మంటాడని చెబుతుంటే గోడకు ఆనుకుని విన్నాను. వింటూనే కునుకు తీశాను. నన్ను ఎవరూ తట్టి లేపలేదు. ప్రార్థన అయ్యాక అందరికీ తెచ్చిన పళ్లెంలో నుంచే నాకూ స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చారు. తాగి, ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. ఒకామె వచ్చి తీసుకుని మిగతావాటితో కలిపి కడిగింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ తర్వాత చాన్నాళ్లు ఒక్క ఆదివారం కూడా మానలేదు. నా మొర కూడా ఎవరో వింటున్నారనే ధైర్యంతో మిగతా రోజులు గడిచేవి.

రెండు నెలలకు దగ్గు ఆగింది. అన్నం సయించింది. ఈస్టర్ నాడు చర్చిలో ఒక్కొక్కరే లేచి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతున్నారు. వాళ్లు నాకు ఇంత చేశారు, తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? లేచి నిలబడి, "ప్రభువు నన్ను బాగుచేసిండు, జబ్బు పూరా పోయింది" అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. చాలా ఏళ్ల తర్వాత నలుగురిలో నా మాటకు విలువ దక్కింది.

మర్నాడు పొద్దున మాత్ర చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. బాగయ్యానని అంతమందిలో చెప్పి, మళ్లీ ఇది మింగితే నా సాక్ష్యం అబద్ధమవుతుంది కదా అనిపించింది. ఆపమని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే ఆపాను. మాత్రలు ఒలిచి జొన్నల డబ్బాలో దాచి, మాత్రలు వేసుకుంటున్నానో లేదో చూసే ఆశా కార్యకర్త వస్తే ఖాళీ అట్టలు చూపించేదాన్ని. ఇంత తెలివి మంచి పనికి వాడి ఉంటే బాగుండేది.

వానలు మొదలయ్యాక దగ్గు తిరిగొచ్చింది. ఒక పొద్దున గుడ్డ మీద రక్తం కనిపించింది. చావు కంటే చర్చివాళ్ల ముఖాలే ముందు గుర్తొచ్చాయి. రెండు ఆదివారాలు పోలేదు. మూడో వారం రాహేలమ్మక్క ఇంటికే వచ్చింది. జొన్నల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి, అంతా చెప్పేశాను. ఆమె మాత్రలను చేత్తో కలియబెట్టి చూసింది.

"నేను షుగర్ గోలీ ఏస్కోకుంట ఒక్కనాడన్న ప్రార్థనకు వచ్చిన్నా? నా నమ్మకం ఏమన్న తక్కువైందా?" అంది.

చర్చిలో అందరికంటే గట్టిగా హల్లెలూయ అనేది ఆమే.

అదే రోజు బస్సులో దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ తిట్టలేదు, తిడితే బాగుండునని అనిపించింది. "మధ్యలో ఆపితే మందులు పనిచేయకుండా పోయే ప్రమాదముంది. రెసిస్టెన్స్ ఉందో లేదో ముందు చూడాలి" అంది. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను తిన్నది తిండి కాదు. చివరికి రెసిస్టెన్స్ లేదని తేలింది. కానీ మింగిన రెండు నెలలు లెక్కలోకి రావు, మళ్లీ మొదటి మాత్ర నుంచి ఆరు నెలలు. కొన్ని వారాలు మాస్కు తీయొద్దని, గాలి ఆడని గదుల్లో నలుగురి మధ్య కూర్చోవద్దని చెప్పారు.

తిరుగు దారిలో అయ్యగారి ఇంటి ముందు ఆగాను. గడప దాటకుండా దూరం నుంచే, "అయ్యగారూ, నేను అబద్ధపు సాక్ష్యం చెప్పిన" అన్నాను. ఆయనే గడప దాటి బయటికి వచ్చారు.

"నువ్వు తొందరపడ్డవమ్మా, గంతే. మేం గూడ తప్పు చేసినం. చప్పట్లు కొట్టినం గానీ, గోలీలు ఏస్కుంటున్నవా అని ఒక్కలం అడగలే."

ఇక చర్చికి రాలేనని, గాలి ఆడని చోట కూర్చోవద్దన్నారని చెప్పి వచ్చేశాను. ఆదివారం పొద్దున రాహేలమ్మక్క వచ్చి, రమ్మంటే రావాలని కసిరి తీసుకెళ్లింది. చూస్తే చాపలన్నీ బయట ఆవరణలో పరిచి ఉన్నాయి. పల్లికాయ ఆరబోసే టార్పాలిన్ పట్టా పైన కట్టారు. నాకొక కుర్చీ ఒక పక్కగా, గాలి బాగా ఆడే చోట వేశారు. లోపల ఉక్కపోస్తుందమ్మా, అందుకే అని అయ్యగారు అన్నారు. ఆ రోజు ఉక్కపోత ఏమీ లేదు, మబ్బు పట్టి ఉంది. ప్రార్థన సగంలో చినుకులు పడ్డాయి, అంచున కూర్చున్నవాళ్ల చీరలు తడిశాయి. ఒకరిద్దరు గొణిగారు కూడా. కానీ ఎవరూ లోపలికి పోలేదు. నా ఒక్కదాని కోసం అంతమంది తడవడం చూసి తల ఎత్తలేకపోయాను.

ఆ ఆరు నెలలు మొదటిసారి కంటే కష్టంగా గడిచాయి. వాంతులు, నీరసం, కాళ్ల తిమ్మిర్లు. ప్రార్థన చేసుకోవాలన్నా మాటలు కూడబలుక్కునే ఓపిక లేక, దేవుడా అని ఊరుకునేదాన్ని. రాహేలమ్మక్క రోజూ చేనుకు పోతూ ఆగి, నేను మాత్ర మింగాక నోరు తెరిపించి చూసేది. నామీద ఆమెకు నమ్మకం లేదు. ఉండాలని నేనూ అడగలేదు.

పోయిన నెల కోర్సు అయిపోయింది. స్పుటం నెగెటివ్. ఇప్పుడు సగం పూట పనికి పోతున్నాను, వెనకబడితే వెనకబడే పీకుతున్నాను. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఎక్స్‌రేలో మచ్చ అట్లాగే ఉంటుందట. వదిన నా గ్లాసు ఇంకా కిటికీలోనే పెడుతుంది, అడగడం మానేశాను.

మొన్న ఆదివారం లేచి నిలబడి, "గోలీలు అయిపోయినయి, డాక్టరమ్మ ఇగ చాలన్నది, దేవునికి వందనాలు" అని చెప్పాను. ఈసారి చప్పట్లు వెంటనే పడలేదు. "ఏదీ, కాయితం చూపియ్" అంది రాహేలమ్మక్క. నేను తెచ్చే ఉన్నాను. రిపోర్టు చేతులు మారుతూ చాప చివరిదాకా పోయింది, చదవడం రానివాళ్లు కూడా పట్టుకుని చూశారు. అది తిరిగి అయ్యగారి చేతికి వచ్చాకే చప్పట్లు కొట్టారు.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దగ్గు ఆగినా, ఒంట్లో బాగున్నా, చివరి మాత్ర దాకా వేసుకోండి. మీ మధ్య ఎవరైనా లేచి నాకు బాగైందని అంటే సంతోషించండి. ఆ తర్వాత పక్కకు పిలిచి, గోలీలు ఏస్కుంటున్నవా అని అడగండి.