పుట్టినరోజుకి కొన్న ఎర్ర రిబ్బన్లు

ఈ ఉదయం మా రైల్వే ఊళ్ళో పూరీ గేట్ దగ్గర పూజసామాన్ల కొట్టు ముందు ఎవరో గంధం తీస్తున్నారు. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది.

నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల నేస్తాల్లారా, మన నాన్నలు రైల్వే పాసు తెచ్చిన రోజు ఇంట్లో ఎంత సందడిగా ఉండేదో గుర్తుందా? నా తొమ్మిదో పుట్టినరోజుకి మా నాన్న ఆ పాసు నా చేతిలోనే పెట్టాడు.

"ఇదేనే నీ బహుమతి. వైజాగ్ ఎల్తన్నాం. సముద్రం సూద్దువుగాని."

వీధంతా తిరిగి చెప్పుకున్నాను. ఎదురింటి దీదీకి గవ్వలు తెస్తానని మాట కూడా ఇచ్చాను.

వైజాగ్‌లో దిగి ఎక్కిన బస్సు సముద్రం వైపు కాకుండా సింహాచలం కొండ మీదికి పోయింది. అక్కడ నన్ను మంగలి ముందు కూర్చోబెట్టారు.

"నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అప్పన్నకి మొక్కినామమ్మా. ఏటా ఏడుపు? జుట్టు మళ్ళీ వత్తాది," అన్నాడు నాన్న, నా భుజాలు గట్టిగా పట్టుకుని. "ముందే సెప్తే నువ్వు రైలెక్కేదానివేటి?"

అమ్మ అటు తిరిగి నిలబడింది.

గుండుకి చల్లటి గంధం రాశారు. సాయంత్రం సముద్రం దగ్గరికి తీసుకెళ్తే నేను దానికి వీపు తిప్పి కూర్చున్నాను.

నాన్నని ఎప్పుడో క్షమించేశాను. అమ్మని మాత్రం ఇంకా లేదు. ఆ పొద్దున రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, నడుం దాకా ఉన్న నా జుట్టుకి నూనె రాసి, రెండు జడలు అల్లి, కొత్త ఎర్ర రిబ్బన్లు కట్టింది. "ఎంత బాగున్నావే," అంది.

అప్పటికే అమ్మకి తెలుసు.