రెండు కాళ్ల రిపోర్టు

మొన్న నా కాళ్లు రెండూ కలిసి నా కొంప ఎట్లా ముంచాయో చెప్తా, వినండి!

సత్తుపల్లి దగ్గర పామాయిల్ ఫ్యాక్టరీలో లోడు బళ్లు తూచే కాంటా దగ్గర నా ఉద్యోగం. వానల్లో ట్రాక్టర్ మీంచి ఒక గెల జారి నా ఎడమ పాదం మీద పడింది. పామాయిల్ గెలంటే అరటి గెల అనుకునేరు, ముళ్లున్న బండరాయి! ఎముక చిట్లింది. కట్టు విప్పాక మళ్లీ చేరాను. డాక్టర్ పూర్తిగా ఫిట్ అని రాసేదాకా ఒక పూటే పని, రెండో పూటకు పరిహారం. లోపల నొప్పి ఉంది, కానీ పైకి నడక మామూలుగానే కనపడుతుంది. అదే నా భయం.

దానికి తోడు నా పక్క సీటు యాదగిరన్న.

"పైలం తమ్మీ! పరిహారం తీసుకునేటోళ్ల ఎన్క మనుషుల్ని పెడ్తరంట. నడక మంచిగున్నదని ఫోటో కొట్టిండ్రనుకో, పైసలు బంద్!"

నేను వెంటనే లెక్క వేశా. పరిహారం ఆగితే సగం జీతం. సగం జీతగాడికి, అమ్మ చూసిన ముదిగొండ సంబంధం వాళ్లు పిల్లనెందుకిస్తారు? ఆ అమ్మాయి ఫోటో వచ్చినప్పటి నుంచి నా ఫోన్ చార్జింగ్ సాయంత్రం దాకా ఆగట్లేదు మరి.

మర్నాడే దిగాడొకాయన. తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, పాత బైకు. గేటు ఎదురు టీకొట్టులో కూర్చుని నన్నే చూస్తున్నాడు! బండి నంబరు ఒకసారి చూస్తే మర్చిపోను నేను. సాయంత్రం నా రూము సందులో మళ్లీ అదే నంబరు! టీకొట్టు సరోజక్కను అడిగా.

"అవ్, నీ గురించే అడిగిండు. జీతమెంత, పర్మినెంటేనా, తాగుతడా అని."

తాగుతానా? ఓహో! తాగి దెబ్బ తగిలించుకున్నానని రాసేసి, పరిహారం ఎగ్గొట్టే ప్లాన్ అన్నమాట!

మర్నాడు ఆయన కూర్చోగానే గోడ పట్టుకుని, 'అబ్బా, అమ్మా' అంటూ కుంటడం మొదలుపెట్టా. ఆయన ముఖం మాడిపోయింది. రాసుకో ఇగ! ఆ తర్వాతి రోజు ఇంకా గట్టిగా కుంటా. కళ్లద్దాలు తీసి మరీ చూసి, తల పట్టుకుని బైకెక్కి వెళ్లిపోయాడు. గెలిచానని మిర్చి బజ్జీలు తిన్నా.

సాయంత్రం అమ్మ ఫోను.

"ఏందిరా, నీ రెండు కాళ్లూ పోయినయా?"

"ఎవరన్నరమ్మా?"

"ముదిగొండ పిల్ల మేనమామ! పిలగాడు ఎట్లుంటడో గుట్టుగ చూసి రమ్మని పంపిండ్రంట. ఒకరోజు ఎడమ కాలు కుంటిండు, ఇంకోరోజు కుడి కాలు కుంటిండు, గీ సంబంధం మాకొద్దంటుండ్రు!"

ఏ కాలికి దెబ్బ తగిలిందో కంగారులో నేనే మర్చిపోయా!

ఆగుతానా? పొద్దున్నే కాంటా మీద ఎగిరా, దుంకా, గుంజీళ్లు తీశా. యాదగిరన్న వీడియో తీసి ముదిగొండకు పంపించాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"మస్తుగొచ్చింది తమ్మీ! మన స్టాఫ్ గ్రూపుల గూడ ఏసిన!"

ఐదు నిమిషాల్లో సూపర్‌వైజర్ ఫోను. "బాగ దుంకుతున్నవ్ గద! డాక్టర్‌తోని ఫిట్ రాయించుకొని ఫుల్ డ్యూటీకి రా."

దుంకిన పాదం ఇప్పుడు గుమ్మడికాయలా వాచింది. నిజంగానే కుంటుతున్నా, ఒక్కరూ నమ్మట్లేదు! సరోజక్కయితే "గీరోజు ఏ కాలు?" అని అడుగుతోంది.

ముదిగొండ కబురు నిన్న వచ్చింది. అమ్మే చెప్పింది.

"కాళ్లు రెండూ గట్టిగనే ఉన్నయంట, సంతోషమేనంట. ఇగ తలకాయ ఎట్లున్నదో చూసి పోతానికి ఆ మేనమామ మళ్ల వస్తుండు. జర పైలం బిడ్డా!"