కెమెరా కోసం మళ్ళీ ఏడ్చిన పూలి

టేకులపల్లి మండలంలో పూలి ఏడుపు గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాడు పుట్టలేదు. ఆమె గొంతెత్తితే బోడు అడవిలోని ఎలుగుబంటి తన పిల్ల తప్పిపోయిందనుకుని తండాలోకి దిగివచ్చేది. ఒకసారి రెండు వచ్చాయి. నమ్మనివాళ్ళు నా ఆటో ఎక్కనక్కర్లేదు, ఇల్లెందు దాకా నడిచి పోవచ్చు.

లంబాడీల పెళ్ళిలో పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఆడవాళ్ళు మెడలు కౌగిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. అది చూసి నేర్చుకునేదే కానీ పాడి చూపించేది కాదు. ఏ పిల్ల పోతుంటే ఆ పిల్ల పేరు మీద, ఆమె చిన్నప్పటి సంగతులు కలుపుకుంటూ, అప్పటికప్పుడు కట్టుకోవాలి. పిల్ల గడప దాటకుండా ఢావ్లో ఎత్తకూడదు. ఎత్తితే ఇంటికి మంచిది కాదంటారు. పూలి మిరపతోటల్లో కూలికి పోయే మనిషి. భర్త దస్రు నోట్లో నాలుక లేనివాడు. ఆ ఇంట్లో మాటలన్నీ పూలివే, ఏడుపులు కూడా.

పెద్ద కూతురు ప్రమీల పెళ్ళికి ఇల్లెందు నుంచి వీడియో తీసే వెంకటరామారావును పిలిచారు. మధిర వైపు నుంచి వచ్చి స్టూడియో పెట్టినవాడు, మర్యాదస్తుడు. ప్రమీలను ట్రాక్టరు ఎక్కించి పంపి, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటుండగా అతను పూలి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ట్రాక్టరు చప్పుడులో మీ గొంతు సరిగ్గా పడలేదండి. ఇంకొక్కసారి ఏడుస్తారా?"

పూలి బిత్తరపోయింది. "పిల్ల పోయింది గద సారూ. ఇప్పుడు ఎవర్ని పట్టుకుని ఏడ్వాలె?"

"చిన్నమ్మాయి ఉందిగా. ఆమెను పట్టుకోండి."

పూలి కాదనలేకపోయింది. ఆ రోజు అతను వాళ్ళింట్లో అన్నం తిన్నాడు. ఇంట్లో తిన్న మనిషి నోరు తెరిచి అడిగితే లేదనడం ఆ ఇంటి పద్ధతి కాదు. చిన్న కూతురు సోని మెడ చుట్టూ చేతులు వేసి, మైకు ముందు నిలబడి, ఇంకా గడప దాటని పిల్ల కోసం ఏడ్చింది. సోని చిన్నప్పుడు కిన్నెరసాని ఒడ్డున తప్పిపోయిన సంగతి కూడా అందులో కలిపింది. అందరూ చెప్పేమాట, రెండోదే బాగా వచ్చిందని.

మరుసటేడు ఆ గొంతు వెంకటరామారావు స్టూడియో సీడీలో వచ్చింది. కింద డప్పులు, ఈలలు, మధ్యలో "ఎగురు, ఎగురు" అని ఎవడివో కేకలు. కొత్తగూడెం బస్టాండులో, పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయకుడి పందిళ్ళలో అదే. మిరపతోటలో మేస్త్రి సెల్లు మోగితే పూలి ఏడుపే మోగేది. తోటి కూలీలు నవ్వేవారు. "ఏం పూలమ్మా, ఇంట్ల ఏడ్వక సెల్లుల దూరినవా?" అనేవారు. పూలి మాత్రం సోని వంక చూసేది. దాని పేరు మీది ఏడుపు ముందే అయిపోయింది, ఇక పెళ్ళికి ఏం మిగిలిందనేదే ఆమె భయం.

వెంకటరామారావు మీద ఫిర్యాదు ఇద్దామని పూలి, నేను నా ఆటోలోనే పోలీసు స్టేషనుకు వెళ్ళాము. ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు.

"వాడు చెయ్యి పట్టుకున్నడా?"

"లేదు సారూ."

"బంగారం గిట్ల పోయిందా?"

"లేదు."

"మరేం పోయిందే?"

"నా గొంతు పోయింది సారూ."

"మంచిగనే మాట్లాడుతున్నవ్ కదా," అన్నాడు. కానిస్టేబుళ్ళు నవ్వారు. ఎక్కడైనా ముందు నవ్వేది నేను, ఆ రోజు నాకే నవ్వు రాలేదు.

కొత్తగూడెంలో వకీలు చెంచురామయ్య మాత్రం మంచివాడు. మంచినీళ్ళు ఇప్పించి, అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చట్టంలో పాడినవాళ్ళకీ హక్కు ఉందమ్మా. అడక్కుండా తీసి అమ్ముకుంటే అడ్డం పడొచ్చు. పెళ్ళి సందట్లో తీసింది అయితే నేను వాదించేవాణ్ణి. కానీ సీడీలో ఉన్నది రెండోసారి ఏడ్చింది. మైకు ముందు నిలబడి, నీ ఇష్టంతో ఏడ్చావు. వీడియోలో నీ ముఖం కనబడుతుంది. ఒప్పుకుని పాడినట్టే అంటారు."

"అడిగిండు సారూ. మా ఇంట్ల తిన్నడు. కాదని ఎట్లంట?"

"కోర్టులో ఆ మాట పనికిరాదమ్మా."

"ఏంది సారూ, నా ఏడుపు వాళ్ళదెట్లయితది?"

"ఏడుపు నీదే. రికార్డు వాళ్ళది," అని ఆయన తల దించుకున్నాడు. "కేసు వేసినా ఊళ్ళలో ఉన్న సీడీలన్నీ ఎవరు ఏరుతారు? సెల్లుల్లోకి ఎక్కిన దాన్ని ఎవరు దించుతారు?"

తిరుగుదారిలో పూలి ఒక్కమాట అంది. "సోనికి వేరేది కడ్తలే తమ్మీ. గొంతు ఉన్నది గద." అడవి దాటేదాకా ఏదో గొణుగుతూనే ఉంది. ఏ రాగం ఎత్తినా ఆ డప్పులే వెనక నుంచి వచ్చి కలుస్తున్నట్టు మధ్యలో ఆపేసేది.

కొన్నేళ్ళకు సోని పెళ్ళి తండాలోనే జరిగింది. ట్రాక్టరు సిద్ధంగా నిలిచింది. తల్లి మెడ పట్టుకుని ముందు సోనియే ఏడుపు మొదలుపెట్టింది. ఆడవాళ్ళు కొంగులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. పూలి గొంతు విప్పింది. ఒక్క చరణం. అంతే, పక్కనున్న చిన్నపిల్లలు ఎగరడం మొదలుపెట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గొంతుకు ఎగరడమే వాళ్ళకు తెలుసు. పెళ్ళికొడుకు తరఫు కుర్రవాడొకడు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల కూడా వేశాడు.

పూలి ఆగిపోయింది.

"యాడీ, ఏడువు," అంది సోని. తల్లిని వాళ్ళు అలాగే పిలుస్తారు. "యాడీ, నా పేరు మీద ఏడువు. నేను పోతున్న."

"రాదు బిడ్డా."

"కొంచెమన్న."

పూలి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. దస్రు పిల్లలను అదిలించి తరిమాడు. అప్పటికే ఎవరికీ ఏడుపు మిగల్లేదు. సోనిని ట్రాలీ ఎక్కించారు. వియ్యపురాలు పక్కనున్న ఆమెతో, అందరికీ వినబడేటట్టే అంది. "పెద్దదాని పెళ్ళికి ఊరంత ఏడ్చిందట. చిన్నదాని మీద ప్రేమ లేనట్టుంది."

సోని ఆ మాట విన్నది. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా తల్లి వైపు చూడలేదు.